బొలెరో వెనక ట్రాక్టరు: కొనే ముందు కాటా లెక్క చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లుంది. చేబ్రోలు దగ్గర ఎకరంన్నర నిమ్మతోట, మేడికొండూరు దగ్గర మా అమ్మగారి వైపు నుంచి వచ్చిన రెండెకరాల నల్లరేగడి చేను ఉన్నాయి. గుంటూరు మీదుగా రెండింటి మధ్య ముప్పై కిలోమీటర్ల పైనే. అదునుకు కిరాయి ట్రాక్టర్లు దొరకడం లేదు. అందుకని చిన్న ట్రాక్టరు ఒకటి కొని, ట్రైలరు మీద ఎక్కించి, మా 2016 బొలెరోకు తగిలించి రెండు చోట్లకూ తిప్పుకోవాలని ఆలోచన. మా బావమరిది 28 హెచ్‌పీది తీసుకోమంటున్నాడు. బొలెరో ఎంత బరువైనా లాగుతుందని అతని ధీమా. మా ఆవిడకు మాత్రం ఈ లాగుడు వ్యవహారమే భయంగా ఉంది. ఎంత హెచ్‌పీ వరకు కొనవచ్చు?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీరు ఎంత హెచ్‌పీ అని అడిగారు. ఎన్ని కిలోలు అని అడిగి ఉంటే మీ సమస్య సగం తీరేది. ట్రాక్టరు చేలో దిగాక హెచ్‌పీ లెక్కకు వస్తుంది. ట్రైలరు మీద ఉన్నంతసేపూ అది ఉత్త బరువు. ఆ బరువును మోసేవి ట్రైలరు టైర్లు, ఆపవలసినవి మీ బండి బ్రేకులు. అమ్మేవాళ్లు ట్రాక్టరును చేలో చూపించి అమ్ముతారు. మీరు దాన్ని నారాకోడూరు, పేరేచర్ల కూడళ్లలో కూడా ఊహించుకుని కొనాలి.

మీ బావమరిది మాటలో కొంత నిజముంది. బొలెరోకు గట్టి ఛాసిస్ ఉంది, వెనక చక్రాలను తిప్పే డీజిల్ ఇంజను ఉంది, కింది గేర్లలో మంచి లాగుడు ఉంది. చదునైన రోడ్డు మీద టన్నున్నర తగిలించినా కదులుతుంది. కదిలింది కదా అని మనకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతోనే జనం పొరపాటు చేస్తారు. లాగగలిగే బరువు వేరు, ఆపగలిగే బరువు వేరు. రెండోది ఎప్పుడూ తక్కువే.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల క్రితం విజయవాడ వైపు నుంచి దుగ్గిరాల అవతల ఉన్న మా బంధువుల తోటకు పాత చిన్న ట్రాక్టరు ఒకటి తీసుకువెళ్లాం. లాగింది జీపు. ట్రైలరు ఒక పరిచయస్తుడిది, ట్రాక్టరు వెనక తగిలించే మామూలు రకం. దానికి బ్రేకులు లేవు. మంగళగిరి దాటాక కూడా చాలా దూరం ఏ ఇబ్బందీ లేదు. కాలువ కట్ట మీద నుంచి పల్లంలోకి దిగే చోట బ్రేకు మీద కాలు పెట్టాను. జీపు వేగం తగ్గింది, వెనకున్న బరువు వేగం తగ్గలేదు. ముందు ఠంగుమని ఒక చప్పుడు. వెంటనే ఎవరో భుజంతో తోసినట్టు జీపు వెనక భాగం కుడికి జరిగింది. స్టీరింగు నా చేతుల్లో నేరుగానే ఉంది, జీపు ముక్కు మాత్రం ఎడమకు, కాలువ వైపు తిరిగింది. ముందు చక్రం కట్ట అంచున కంకరలో దిగబడి ఆగింది.

దిగి చూశాం. కొక్కెంలో పిన్ను కూర్చునే రంధ్రం అరిగి అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. పక్కన వేలు దూరేంత సందు. పిన్ను పైకి లేవకుండా అడ్డంగా పెట్టవలసిన చీల లేదు. దాని బదులు బైండింగు తీగ రెండు చుట్లు చుట్టి ఉంది. ఆ తీగను నమ్ముకుని అంత దూరం వచ్చామని అప్పుడు తెలిసింది. నా పక్క సీటులో మా అన్నయ్య కొడుకు ఉన్నాడు, పదేళ్ల పిల్లవాడు. మీ శ్రీమతి భయాన్ని నేను తేలికగా తీసుకోలేను. మీరూ తీసుకోవద్దు.

ఆ రోజు జరిగినదాన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. మీ బొలెరో ఖాళీగా 1,600 కిలోల పైచిలుకు ఉంటుంది. ఇద్దరు మనుషులు, కొంచెం సామాను కలిపి 1,850 అనుకోండి. వెనక బ్రేకులు లేని ట్రైలరు, దాని మీద ట్రాక్టరు కలిసి 1,050 కిలోలు అనుకోండి. అంటే 1,850 కిలోలను ఆపే పట్టుతోనే 2,900 కిలోలను ఆపాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద, బొలెరో ఒక్కటే అయితే బ్రేకు పడ్డాక 23 మీటర్లలో ఆగుతుందనుకుంటే, ఈ జతకు 36 మీటర్లు కావాలి. ఎదురుగా ఏదో వచ్చిందని గ్రహించి కాలు బ్రేకు మీదకు చేర్చడానికి ఒక సెకను పడుతుంది, ఆ సెకనులోనే మరో 17 మీటర్లు పోతాయి. మొత్తం 53 మీటర్లు. అదే బరువుతో 40 కిలోమీటర్ల వేగంలో వెళ్తే ఈ మొత్తం 27 మీటర్లకు దిగివస్తుంది. వేగాన్ని మూడో వంతు తగ్గిస్తే ఆగే దూరం సగానికి తగ్గిందన్నమాట. మన రోడ్ల మీద కోతల కాలంలో ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తారు. ఆ గింజల మీద టైరుకు పట్టు ఎంత ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఈ 27, 53 లెక్కలు గింజలు లేని రోడ్డుకు వేసినవి.

బ్రిటన్‌లో బ్రేకులు లేని ట్రైలరుకు ఒక హద్దు ఉంది: లోడుతో కలిపి 750 కిలోలు, లేదా లాగే బండి బరువులో సగం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. మన దేశంలో వాహనాల వర్గీకరణ కూడా 0.75 టన్ను దగ్గరే గీత గీస్తుంది. ఆ లోపువి టి1 ట్రైలర్లు, దాని పైన 3.5 టన్నుల వరకు టి2. మీరు కొనబోయే ట్రాక్టరు ఎంత చిన్నదైనా ట్రైలరుతో కలిపితే 750 దాటుతుంది. కాబట్టి బ్రేకులు లేని ట్రైలరు అనే మాటే మీ ఆలోచనలోకి రానివ్వకండి.

ఇప్పుడు ట్రాక్టర్ల సంగతి. హెచ్‌పీ పెరిగితే బరువు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. చిన్న ట్రాక్టర్లలో ఆ లెక్క తప్పుతుంది. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 రెండూ 15 హెచ్‌పీ తరగతివి, ఒకే సిలిండరు ఇంజనువి. మొదటిది సుమారు 780 కిలోలు, రెండోది సుమారు 850. వీఎస్‌టీ శక్తి ఎంటీ 180డి 18.5 హెచ్‌పీ, కానీ 645 కిలోల దగ్గర ఉంటుంది. కుబోటా నియోస్టార్ ఏ211ఎన్ 21 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, నాలుగు చక్రాల డ్రైవు, బరువు 600 కిలోల ప్రాంతం. అదే కంపెనీ 27 హెచ్‌పీ బీ2741 కూడా 650 చుట్టుపక్కలే. జాన్ డీర్ 3028ఈఎన్ 28 హెచ్‌పీ, బరువు 1,070 కిలోలు. మీ బావమరిది చెబుతున్నది ఈ చివరి తరగతి అనుకుంటాను. 15 హెచ్‌పీది 21 హెచ్‌పీ కంటే బరువు ఎక్కువ, 27కూ 28కీ మధ్య నాలుగు క్వింటాళ్ల తేడా! హెచ్‌పీని పట్టుకుని వెళ్తే మీరు ఎక్కడ తేలుతారో చూడండి. మోడళ్లు మారుతుంటాయి కాబట్టి కొనే రోజున ఆ బండి బరువును దాని పుస్తకంలో మీ కళ్లతో చదవండి.

ఆ పుస్తకంలో రాసినదీ పూర్తి బరువు కాదు. మట్టిని గుల్ల చేయడానికి వెనక తగిలించే రోటవేటరు అందులో ఉండదు. మూడడుగుల చిన్న రోటవేటరే 150 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, కొన్ని ఇంకా బరువు. జారకుండా పట్టు కోసం వెనక టైర్లలో నీళ్లు నింపిస్తే ఒక్కో లీటరుకు ఒక్కో కిలో. ముందు తగిలించే ఇనుప దిమ్మెలు వేరు. డీజిల్ ట్యాంకు నింపితే మరో పది, ఇరవై కిలోలు. పనిముట్ల పెట్టె, తాళ్లు, గొలుసులు కూడా బరువే. ఇన్ని కలిశాక ట్రైలరు సొంత బరువు ఉండనే ఉంది. సరిగా చేయించిన తక్కువ ఎత్తు ట్రైలరు 300 నుంచి 400 కిలోలు ఉంటుంది.

కలిపి చూడండి. 650 కిలోల ట్రాక్టరు, 150 కిలోల రోటవేటరు, చిల్లర 50, ట్రైలరు 350. మొత్తం 1,200. అదే 1,070 కిలోల ట్రాక్టరు అయితే దానికి తగ్గ పెద్ద రోటవేటరు, ఇంకా బలమైన ట్రైలరు కావాలి. 1,800 దాటిపోతుంది. అంటే వెనకది ఖాళీ బొలెరో కంటే బరువు. అలాంటి జతలో ఎవరు ఎవరిని నడిపిస్తారో చెప్పనక్కర్లేదు. నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతున్నాను: 28 హెచ్‌పీ, టన్ను బరువు ట్రాక్టరును మీ బొలెరో వెనక తగిలించవద్దు. 600 నుంచి 650 కిలోల తరగతిలో, నాలుగు చక్రాల డ్రైవు ఉన్నది తీసుకోండి. తేలిక బండికి చేలో పట్టు తక్కువ. ముందు చక్రాలు కూడా తిరిగితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

ఇంకో ఉపాయం. రోటవేటరును ఊరూరా తిప్పకండి. నిమ్మతోటలో కలుపు తీయడానికి రోటవేటరు కావాలి, దాన్ని చేబ్రోలులోనే షెడ్డులో ఉంచండి. మేడికొండూరు చేలో అంతర సేద్యానికి గొర్రు, గుంటక అక్కడే ఉంచండి. రోడ్డు మీద ట్రాక్టరు ఒక్కటే ప్రయాణం చేస్తుంది. 1,200 కాస్తా 1,050కి దిగుతుంది. పైగా వెనక వేలాడే ఇనుము లేకపోతే ఎక్కించడం, దించడం రెండూ తేలికవుతాయి.

మీరు అనుకుంటూ ఉంటారు, ఆరువందల కిలోల బండి నల్లరేగడిని దున్నుతుందా అని. లోతు దుక్కి దున్నలేదు, ఆ పని దానికి పెట్టవద్దు. దాని వల్ల అయ్యేది కలుపు, అంతర సేద్యం, విత్తనం వేయడం, మందు పిచికారీ, చిన్నపాటి మోత. వేసవి దుక్కికి ఏడాదికి ఒకసారి ఊళ్లో పెద్ద ట్రాక్టరును కిరాయికి పిలవండి. అదునుకు కిరాయి దొరకడం లేదన్నారు కదా. వేసవి దుక్కికి అంత తొందర ఉండదు, నాలుగు రోజులు అటూ ఇటూ అయినా నష్టం లేదు. తొందర ఉండేది వానలు పడ్డాక కలుపు ముంచుకొచ్చినప్పుడు. ఆ పని మీ చిన్న ట్రాక్టరు చేస్తుంది. ఏడాదిలో ఒక్క రోజు పని కోసం మిగతా రోజులన్నీ మోయలేని బరువును వెంటేసుకుని తిరగడం ఎందుకు? పత్తి వేసేటట్టయితే సాళ్ల మధ్య దూరాన్ని ట్రాక్టరు వెడల్పు చూసుకుని ముందే నిర్ణయించుకోండి. ఈ తరగతి బండ్లలో చాలావరకు వెడల్పు మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. నిమ్మచెట్ల కింద దూరడానికి ఎత్తు తక్కువగా ఉండటమూ ముఖ్యం, ఎగ్జాస్టు గొట్టం పైకి ఉందా కిందికి ఉందా చూడండి.

ట్రాక్టరు కంటే ముందు మీరు తేల్చుకోవలసినది బొలెరో సంగతి. బండితో వచ్చిన పుస్తకంలో ట్రైలరు బరువుకు హద్దు ఇచ్చి ఉంటే అదే చివరి మాట, నా లెక్కలు దాని తరువాతే. ఇవ్వకపోతే సర్వీసు కేంద్రం నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. నోటిమాట మీద వెళ్లవద్దు. బండికి వచ్చిన వెనక కొక్కెం బురదలో దిగబడినప్పుడు లాగడానికి, ట్రైలరుకు పనికిరాదు. బంపరుకు వెల్డింగు చేసిన కొక్కెం అంతకంటే ప్రమాదం. ఛాసిస్ రెండు పట్టీలకూ బోల్టులతో బిగించిన, బరువు హద్దు ముద్రించి ఉన్న కొక్కెం కావాలి. బొలెరో బ్రేకులు, క్లచ్చు, వెనక స్ప్రింగు పట్టీలు, టైర్లు ఒకసారి పూర్తిగా చూపించండి. 2016 బండి కదా, బ్రేకు ద్రవం ఎప్పుడు మార్చారో గుర్తుందా? గుర్తు లేకపోతే మార్చవలసిన సమయం వచ్చినట్టే.

ఈ జాబు చదివేవారిలో చిన్న కారు ఉన్నవారూ ఉంటారు కాబట్టి వారికి ఒక మాట. మన చిన్న కార్లలో చాలావాటికి ట్రైలరు తగిలించవద్దని తయారీదారులే అంటారు. ముందు చక్రాలు తిరిగే కార్లలో వెనక కొక్కెం మీద బరువు పడితే ముందు భాగం తేలుతుంది. అంటే లాగవలసిన చక్రాలకు, మలుపు తిప్పవలసిన చక్రాలకు పట్టు పోతుంది. కాలువ కట్ట ఎక్కే చోట ఆ చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి. అలాంటి కారుతో ట్రాక్టరు ఆలోచన మానుకుని, సరుకు ఆటోలో పట్టే పవర్ వీడరుతో (చేత్తో నడిపే కలుపు యంత్రం) సరిపెట్టుకోవడం మేలు.

ట్రైలరు విషయంలో పొదుపు చూడకండి. విజయవాడ ఆటోనగర్‌లో ట్రైలరు చేసేవారికి కొదవ లేదు, పనితనం కూడా గొప్పది. కానీ వారిలో చాలామంది చేతికి అలవాటైనది ట్రాక్టరు వెనక, పాతిక కిలోమీటర్ల వేగంలో నడిచే ట్రక్కు. మీకు కావలసినది అది కాదని మొదటే చెప్పండి. తక్కువ ఎత్తు, రెండు ఇరుసులు, గుండు కొక్కెం, నాలుగు చక్రాలకూ బ్రేకులు. అందులో ఓవర్‌రన్ బ్రేకు అనే పద్ధతి ఉంది. ముందు బండి వేగం తగ్గినప్పుడు ట్రైలరు ముందుకు తోస్తుంది కదా, ఆ తోపునే ఒక కడ్డీ పట్టుకుని ట్రైలరు బ్రేకులను బిగిస్తుంది. తోపు ఎంత బలంగా ఉంటే బ్రేకు అంత గట్టిగా పడుతుంది. నన్ను కాలువ అంచుకు తీసుకువెళ్లిన తోపే ఇక్కడ బండిని ఆపుతుంది. ఈ ఏర్పాటు ముందే పూర్తిగా తయారై, బరువు హద్దు ముద్రతో వస్తుంది. దాన్ని కొని బిగించాలి గాని చేత్తో తయారు చేయించకూడదు. దీనితోపాటు కొక్కెం ఊడినా ట్రైలరు విడిపోకుండా రెండు గొలుసులు కావాలి. వాటిని కొక్కెం కింద కత్తెరలా ఒకదాని మీదుగా మరొకటి తగిలిస్తే, ఊడిన కొక్కెం రోడ్డును తాకకుండా ఆ గొలుసుల మీదే ఆగుతుంది.

ఎక్కించాక బరువు ఎక్కడ కూర్చుందనేది చాలామంది పట్టించుకోని విషయం. మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు వరకు కొక్కెం మీద పడాలి. అంతకంటే తగ్గితే ట్రైలరు తోక ఆడించడం మొదలుపెడుతుంది. లారీ పక్కనుంచి దూసుకుపోయిన గాలికే ఊగుతుంది, ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. ఎక్కువైతే బొలెరో వెనక కుంగి ముందు చక్రాలు తేలుతాయి. మీ 1,200 కిలోలకు కొక్కెం మీద కనీసం 120 ఉండాలి. గుంటూరులో ఉన్నవారికి చెప్పాలంటే దాదాపు మూడు మిర్చి టిక్కీల (బస్తాల) బరువు. దాన్ని తూచడానికి టిక్కీలు తూచే కాటానే చాలు. చదునైన చోట, విప్పిన ట్రైలరును ముందు వైపు నిలబెట్టే కాలును ఆ కాటా మీద ఆనించి, ట్రాక్టరును బెత్తెడు ముందుకూ వెనక్కూ జరుపుతూ చూడండి. 120, 130 చూపిన చోట ఆపి, చక్రాలు ఆగిన చోట ట్రైలరు పలక మీద రంగుతో గీత గీయండి. ఇక ప్రతిసారీ ఆ గీత మీదే ఆపితే చాలు. రోటవేటరు ఉన్నప్పుడు ఒక గీత, లేనప్పుడు ఇంకో గీత.

మొత్తం బరువు కోసం వేబ్రిడ్జికి వెళ్లండి. మిర్చి యార్డు చుట్టుపక్కల, ఊరి పొలిమేర రోడ్ల మీద కాటాలు కనిపిస్తూనే ఉంటాయి. మొదట బొలెరో ఒక్కటి, తరువాత ట్రైలరుతో, ఆ తరువాత ట్రైలరు విడిగా. ఆ చీటీలు బండిలోనే దాచుకోండి. అసలు ట్రాక్టరు కొనేటప్పుడే, డబ్బు కట్టే ముందు, దాన్ని కాటా మీద చూపించమని అడగడంలో తప్పేమీ లేదు. ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్లు చూడలేదా మన పెద్దలు?

ఎక్కించేటప్పుడు జరిగే ప్రమాదాలు రోడ్డు మీద జరిగేవాటి కంటే తక్కువేమీ కావు. ట్రైలరు పలక నేలకు అర మీటరు ఎత్తులో ఉంటే, ఎక్కే బల్లలు కనీసం రెండు మీటర్ల పొడవుండాలి. అంతకంటే పొడవుంటే ఇంకా మంచిది. బల్లలు జారిపోకుండా పిన్నులతో బిగించాలి, ట్రైలరును బొలెరోకు తగిలించి చేతి బ్రేకు వేసి ఉంచాలి. లేకపోతే ట్రాక్టరు వెనక అంచు ఎక్కగానే ట్రైలరు ముందు కాలు గాల్లోకి లేస్తుంది. కింది గేరులో, ఒకే వేగంలో, మధ్యలో క్లచ్చు నొక్కకుండా ఎక్కించాలి. పక్కన ఎవరూ నిలబడకూడదు, పిల్లలు అసలే. ఎక్కాక ఇంజను ఆపి, గేరులో ఉంచి, పార్కింగు బ్రేకు వేసి, రోటవేటరు ఉంటే పలక మీదకు దించాలి. నాలుగు మూలలకూ నాలుగు గొలుసులు, రెండు ముందుకు లాగుతూ, రెండు వెనక్కి లాగుతూ, బిగించే మరతో సహా. రోటవేటరుకు విడిగా ఐదోది. నైలాను తాడు మీద ఆధారపడవద్దు. ఐదు కిలోమీటర్లు వెళ్లాక ఆపి మళ్లీ బిగించండి, టైర్లు సర్దుకున్నాక గొలుసులు కొంత వదులవుతాయి.

దారిలో మీ హద్దు 40. వెనక హారన్లు మోగుతాయి, మోగనివ్వండి, వీలైన చోట పక్కకు తీసి దారి ఇవ్వండి. దిగుడు మొదలయ్యాక బ్రేకు వెతుక్కోకుండా, దిగుడుకు ముందే రెండో గేరులోకి రండి. ఎప్పుడైనా ట్రైలరు ఊగడం మొదలైతే బ్రేకు తొక్కవద్దు, స్టీరింగుతో సరిచేయబోవద్దు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, స్టీరింగును నేరుగా పట్టుకుని ఉండండి. వేగం తగ్గితే ఊపు దానంతట అదే తగ్గుతుంది. రాత్రి ప్రయాణం వద్దు. పుష్య మాసపు మంచులో తెల్లవారుజామునా వద్దు.

కాగితాల సంగతి క్లుప్తంగా. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మోటారు వాహనం అనే మాటలో ట్రైలరు కూడా కలిసి ఉంది. కాబట్టి దానికీ రిజిస్ట్రేషను, నంబరు, బీమా కావాలి. బొలెరోకు కొక్కెం బిగించడం, దాని వెనక ట్రైలరు నడపడం గురించి డబ్బు ఖర్చు పెట్టకముందే గుంటూరు రవాణా శాఖ కార్యాలయంలో అడగండి, బీమా సంస్థకు లేఖ రాసి జవాబు తీసుకోండి. ట్రైలరు వెనక బ్రేకు దీపాలు, మలుపు దీపాలు, మెరిసే పట్టీలు ఉండాలి. ట్రాక్టరు వెనక చక్రాలు వాటిని కప్పేయకుండా చూసుకోండి.

ఇంత చదివాక మీకు ఒక ప్రశ్న వేస్తాను. ఏడాదికి ఎన్నిసార్లు ట్రాక్టరును చేబ్రోలు నుంచి మేడికొండూరుకు తీసుకువెళ్తారు? నెలకు రెండు మూడు సార్లయితే ట్రైలరు ఖర్చు దండగ కాదు. ఏడాదికి ఆరేడుసార్లే అయితే, టన్నుకు పైగా మోయగల పికప్ వ్యాను కిరాయికి మాట్లాడుకోండి. దాని లోడు హద్దు 1,300 కిలోలున్నా 650 కిలోల ట్రాక్టరు హాయిగా ఎక్కుతుంది, మీకు కావలసినవి మంచి బల్లలు, గొలుసులు మాత్రమే. ఇక్కడ కూడా తేలిక ట్రాక్టరే మీకు మేలు చేసింది చూశారా? టన్ను దాటినదైతే రోటవేటరుతో కలిపి ఆ వ్యాను హద్దునూ తాకేది. మీ శ్రీమతితో కూర్చుని ఈ రెండు దారుల ఖర్చూ కాగితం మీద వేయండి. నేనైతే మొదటి ఏడాది కిరాయి వ్యానుతోనే గడిపి, ఎన్నిసార్లు తిప్పానో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుని, ఆ తరువాత ట్రైలరు సంగతి తేల్చుకుంటాను.

ట్రైలరే అనుకుంటే, మొదటి రోజే పని పెట్టుకోకండి. ఒక ఆదివారం ఉదయం ఖాళీ ట్రైలరుతో మీ ఊరి కళ్లం లాంటి విశాలమైన చోట గంటసేపు వెనక్కి నడపడం నేర్చుకోండి. స్టీరింగు ఎటు తిప్పితే ట్రైలరు దానికి ఎదురు వైపు వెళ్తుంది, అది చేతికి అలవాటు కావాలి. తరువాత ట్రాక్టరును ఎక్కించి పది కిలోమీటర్లు వెళ్లి ఆపండి. దిగి నాలుగు చక్రాల దగ్గరా అరచేతిని చక్రం నడిమి హబ్బుకు దగ్గరగా పెట్టి చూడండి. నాలుగూ గోరువెచ్చగా, ఒకే తీరుగా ఉంటే బ్రేకులు, బేరింగులు సరిగా ఉన్నట్టు. ఒకటి మాత్రం సెగలు కక్కుతుంటే ఆ బ్రేకు పట్టేసి ఉంది, లేదా బేరింగు పోతోంది. అప్పుడు అక్కడే నీడ చూసి నిలిపి మెకానిక్కును పిలవండి, మేడికొండూరు మరుసటి ఆదివారం వెళ్లవచ్చు.